స్తంభం ఎక్కినవాడు దిగి ఇంటికి రావాలి

(2023–24 మండల మహిళా సమాఖ్య వార్షిక సర్వసభ్య సమావేశంలో మా గ్రామ సంఘం తరఫున చేసిన ప్రసంగం)



ఏటా ఈ సభలో మేము పొదుపు ఎంత, అప్పు ఎంత, రికవరీ ఎంత అని లెక్క చదివి కూర్చుంటాం. ఈ ఏడు ఆ లెక్కలు కాగితం మీద రాసి ఇచ్చేశాం. నివేదికలో వస్తాయి, చూసుకోండి. మాకిచ్చిన సమయాన్ని ఇంకో సంగతికి వాడుకుంటామని అడిగాం, పెద్దలు సరేనన్నారు. ఆ సంగతి ఏమిటంటే, మన ఇళ్లకు కరెంటు తెచ్చే లైన్ల మీద పనిచేసేవాళ్లు ఎందుకు చనిపోతున్నారు, చనిపోకుండా మనమేం చేయగలం అని.

మహిళా సంఘాలకు ఈ విషయంతో పనేంటి అని కొందరికి అనిపించవచ్చు. మా ఊళ్లో సంఘాల్లో ఉన్న ఐదిళ్ల మగవాళ్లు లైను పనికి వెళ్లేవాళ్లు. ఒకరు లైన్‌మన్, ఒకరు సచివాలయంలో ఎనర్జీ అసిస్టెంటు, ముగ్గురు కాంట్రాక్టరు కింద రోజు కూలీ లెక్కన పనిచేసేవాళ్లు. ఆ ముగ్గురిలో ఒకరు ఇప్పుడు లేరు. ఆయన భార్య మా సంఘంలో సభ్యురాలు. ఈ మాటలు చెప్పమని ఆమే మమ్మల్ని అడిగింది. పేరు మాత్రం చెప్పవద్దంది. అందుకని చెల్లెలు అనే అంటాం.

రెండేళ్ల కిందట మే నెలలో ఒక సాయంత్రం గాలివాన కొట్టింది. ఊరంతా చీకటి. మంచినీళ్ల మోటారు ఆగిపోయింది, ఫోన్లు చచ్చిపోతున్నాయి, ఉక్కపోత. అందరం ఏం చేస్తాం? లైన్‌మన్‌కి ఫోన్ కొడతాం. "ఏం బాబూ, ఇంకెంతసేపు? పక్క ఊరికి వచ్చేసిందంట, మాకెందుకు రాలేదు?" అని. ఆ రోజు ఫోన్ చేసినవాళ్లలో మేమూ ఉన్నాం. ఒక్కసారి కాదు, చాలాసార్లు చేశాం. ఆ లైన్‌మన్ చూసుకోవలసినవి మూడు ఊళ్లు. ఆయన ఒక ఊళ్లో విరిగిన కొమ్మ తీయిస్తూ, ఊరి బయట స్తంభం మీద తెగిన జంపరు కట్టమని చెల్లెలి పెనిమిటిని పంపించారు. సబ్‌స్టేషన్‌కి ఫోన్ చేసి ఎల్.సి. కూడా తీసుకున్నారు. కానీ ఆ స్తంభం దగ్గర రెండు ఫీడర్ల లైన్లు కలిసి పోతాయి. ఎల్.సి. తీసుకున్నది ఒక ఫీడర్‌కి, ఆయన చేయి వేసింది రెండో ఫీడర్ తీగ మీద. అందులో 11,000 వోల్టుల కరెంటు ఉంది. చేతిలో టెస్టర్ లేదు. ఎర్త్ రాడ్లు వేరే బండి మీద వేరే ఊళ్లో ఉన్నాయి. కింద తోడు ఎవరూ లేరు. ఆయన వయసు 30. పెద్దది రెండో తరగతి, చిన్నవాడు అంగన్‌వాడీ.

మరునాడు ఊళ్లో అందరూ అన్నమాట ఒకటే. "రాత బాగోలేదు." మేమూ అదే అన్నాం. చెల్లెలు మాత్రం అప్పుడే అడిగింది: "రాతయితే ఆ రాడ్లు వేరే బండి మీద ఎందుకున్నాయి?" ఆ మాటకు మా దగ్గర జవాబు లేదు. అప్పటి నుంచి మేము తెలిసినవాళ్లను, రిటైరయిన లైన్‌మన్‌లను, కార్మిక శాఖ ఆఫీసులో వాళ్లను అడిగి తెలుసుకున్నదే ఈ రోజు మీ ముందు పెడుతున్నాం.

ముందు ఎల్.సి. అంటే ఏమిటో చెప్తాం. లైన్ క్లియర్. లైనులో కరెంటు తీసేశాం, ఇక పని చేసుకోవచ్చు అని సబ్‌స్టేషన్ ఇచ్చే అనుమతి. లైను మీద పని చేసేటప్పుడు వరుసగా ఐదు పనులు జరగాలి. చేతి వేళ్ల మీద లెక్కపెట్టుకోండి.

ఒకటి, సరైన ఫీడర్‌కి సబ్‌స్టేషన్‌లో కరెంటు తీయాలి. పుస్తకంలో రాయాలి, నంబరు ఇవ్వాలి. రెండు, మధ్యలో ఇంకెవరూ మళ్లీ వేయకుండా ఏ.బి. స్విచ్ తీసి తాళం వేయాలి, బోర్డు పెట్టాలి. మూడు, లైనులో కరెంటు నిజంగా పోయిందా లేదా టెస్టర్‌తో చూడాలి. ఫోన్‌లో "తీసేశాం" అన్నమాటతో సరిపెట్టుకోకూడదు. నాలుగు, పనిచేసే చోటుకి రెండు వైపులా తీగలను ఎర్త్ చేయాలి. ఐదు, అప్పుడు హెల్మెట్, బెల్టు, చేతి తొడుగులతో ఎక్కాలి, కింద ఒక మనిషి ఉండాలి. పని అయ్యాక మనుషులంతా దిగారని లెక్క చూసుకుని, ఎర్త్ తీసి, ఎల్.సి. ఎవరు తీసుకున్నారో వాళ్లే తిరిగి ఇవ్వాలి. ఒకరు తీసుకున్న ఎల్.సి. ఇంకొకరు "పని అయిపోయిందిలే" అని తిరిగి ఇచ్చేస్తే, పైన ఉన్న మనిషి పైనే పోతాడు.

ఈ ఐదింటిలో మనకు తక్కువగా తెలిసింది, ఎక్కువ ప్రాణాలు కాపాడేది నాలుగోది. ఎర్త్ చేయడం అంటే మూడు తీగలనూ ఒకదానికొకటి కలిపి భూమిలో దిగేసిన కడ్డీకి కట్టడం. పొరపాటున ఎవరైనా కరెంటు వేసినా అది ఆ దారిలో భూమిలోకి పోతుంది, సబ్‌స్టేషన్‌లో బ్రేకర్ పడిపోతుంది. ఆ రోజు చెల్లెలి పెనిమిటి దగ్గర టెస్టర్ ఉండి చూసుకుంటే తీగలో కరెంటు ఉందని ఎక్కకముందే తెలిసిపోయేది. ఒక టెస్టర్, రెండు వైపుల ఎర్త్ రాడ్లు. వాటి ఖరీదు ఒక మనిషి ప్రాణం ముందు ఎంత?

తొడుగుల గురించి కూడా ఒక మాట. బజారులో దొరికే గుడ్డ తొడుగులు చేతికి గీతలు పడకుండా ఆపుతాయి గానీ కరెంటును ఆపవు. కరెంటు పనికి రబ్బరు తొడుగులు వేరే ఉంటాయి, వాటి మీద ఎన్ని వోల్టుల వరకు పనికొస్తాయో రాసి ఉంటుంది. వేసుకునే ముందు మణికట్టు వైపు నుంచి చుట్టుకుంటూ పోతే లోపల గాలి నిండి బుడగలా ఉబ్బుతుంది. గాలి పోయిందంటే చిల్లు ఉన్నట్టే, పారేయాలి. ఇది ఇంట్లో మనమే చూడవచ్చు. తొడుగులు, రబ్బరు బూట్లు, బెల్టు, హెల్మెట్, నిచ్చెన, టెస్టర్, ఎర్త్ చేసే సామాను లైను మీద పనిచేసే మనిషికి ఇవ్వాలని కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ భద్రతా నిబంధనల్లోనే ఉంది. అడిగితే దయతో ఇచ్చేవి కావవి.

మన జిల్లా వాళ్లకు ఈ పని విలువ వేరే చెప్పక్కర్లేదు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు ఉద్దానంలో కొబ్బరి చెట్లు, జీడి తోటలతో పాటు వేల కరెంటు స్తంభాలు ఒరిగిపోయాయి. ఎన్ని రోజులు చీకట్లో ఉన్నామో గుర్తుందా? బయట జిల్లాల నుంచి వచ్చిన లైన్‌మన్‌లు బురదలో నిలబడి స్తంభాలు పాతారు. మనం వాళ్లకు అన్నాలు వండి పెట్టాం. అంత గౌరవం తుఫాను రోజుల్లో ఇస్తాం. మామూలు రోజుల్లో అరగంట ఆలస్యమైతే తిడతాం.

ఇప్పుడు మన వైపు తప్పులు చూద్దాం. ఎదుటివాళ్ల మీద చెప్పే ముందు మనం సరిచేసుకోవాలి కదా.

మొదటిది తొందర. ఫోన్ల మీద ఫోన్లు చేస్తే లైను మీద ఉన్నవాడి ధ్యాస చెదురుతుంది. పైవాళ్లు కూడా "ఊరి నుంచి ఒత్తిడి వస్తోంది, త్వరగా కానివ్వు" అంటారు. టెస్టర్ తెచ్చుకోవడానికి పట్టే పది నిమిషాలు అక్కడే ఎగిరిపోతాయి.

రెండోది జనరేటర్లు. పెళ్లికి, పండక్కి జనరేటర్ తెచ్చి, ఛేంజ్ ఓవర్ స్విచ్ లేకుండా ఇంటి వైరింగుకు నేరుగా కలిపేస్తారు. అప్పుడు ఆ కరెంటు మన ఇంట్లోనే ఆగదు. సర్వీసు వైరు గుండా వెనక్కి ట్రాన్స్‌ఫార్మర్‌లోకి పోతుంది. ట్రాన్స్‌ఫార్మర్ 11,000 వోల్టులను తగ్గించి మనకిస్తుంది కదా, వెనక నుంచి వెళ్తే అదే తిరగబడి, మన ఇంటి 230 వోల్టులు పైన 11,000 అవుతాయి. సబ్‌స్టేషన్‌లో తీసేశారు, ఎల్.సి. ఉంది, అయినా మనిషి పోతాడు. చంపింది పెళ్లింటి జనరేటర్. ఎవరికీ తెలియదు కూడా. ఇన్వర్టర్‌ని తెలియనివాళ్లతో కలిపించినా ఇదే ప్రమాదం.

మూడోది, ఏ.బి. స్విచ్ మనవాళ్లే వేయడం. పొలం మోటారు ఆగిపోతే రైతు వెళ్లి ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర స్విచ్ వేసేస్తాడు. అవతల స్తంభం మీద ఎవరున్నారో చూడడు. ఇంకా రాత్రిపూట లైనుకు కొక్కేలు తగిలించడం, స్తంభానికి కేబుల్ వైర్లు, తీగ పాదులు చుట్టించడం, ఇవన్నీ ఎక్కేవాడి కాళ్లకు, చేతులకు అడ్డాలే.

దేశంలో కరెంటు షాకుతో ఏటా పదివేల మందికి పైగా చనిపోతున్నారని నేర రికార్డుల బ్యూరో లెక్కలు చెప్తున్నాయి. అందులో లైను పనివాళ్లూ ఉన్నారు, పొలంలో తెగిన తీగ తొక్కిన మనలాంటివాళ్లూ ఉన్నారు. తీగ తెగి పడి ఉంటే దగ్గరికి పోకండి, 1912కి ఫోన్ చేయండి. షాకు కొట్టిన మనిషిని ఒట్టి చేతులతో పట్టుకోకండి. ఇంట్లో అయితే మెయిన్ ఆపండి. పైలైను అయితే కరెంటు తీసేశారని తెలిసేదాకా ఎవరూ దగ్గరికి వెళ్లకూడదు, కర్రలతో కూడా ప్రయత్నించకూడదు. మనిషి విడివడ్డాక ఊపిరి లేకపోతే 108కి ఫోన్ చేసి, వాళ్లు వచ్చేదాకా ఛాతీ మధ్యలో రెండు చేతులూ పెట్టి గట్టిగా నొక్కుతూ ఉండాలి. నిమిషానికి 100 నుంచి 120 సార్లు. పి.హెచ్.సి. నర్సమ్మ గారిని పిలిచి ప్రతి గ్రామ సంఘంలో ఇది ఒకసారి చేయించుకుందాం.

ఇక మనిషి పోయాక సంగతి. ఇది చెప్పడం బాధగానే ఉంటుంది. కానీ చెల్లెలు పడ్డ అవస్థ ఇంకో ఆడమనిషి పడకూడదు.

పదకొండో రోజు కాకముందే కాంట్రాక్టరు మనిషి వచ్చాడు. చేతిలో యాభై వేలు పెట్టి, తెల్ల కాగితం మీద సంతకం చేయమన్నాడు. "అతను మా మనిషి కాదు, ఆ రోజు సాయానికి వచ్చాడంతే. అయినా జాలి కొద్దీ ఇస్తున్నాం" అన్నాడు. "గ్లౌజులు వేసుకోకపోవడం అతని తప్పే" అని కూడా అన్నాడు. ఇంట్లో బియ్యం లేవు, చుట్టూ చుట్టాలు "తీసుకోవే" అంటున్నారు. ఆ రోజు మా సంఘం వాళ్లం ఎనిమిది మందిమి ఆ ఇంట్లోనే కూర్చున్నాం. సంతకం పెట్టనివ్వలేదు. సంఘం పొదుపు నుంచి ఇంటి ఖర్చులకు పది వేలు తీర్మానం రాసి ఇచ్చాం.

తర్వాత తెలిసింది, చట్టం ఆమె వైపే ఉందని. అప్పుడు అమల్లో ఉన్న 1923 నాటి నష్టపరిహార చట్టం. పనిలో మనిషి చనిపోతే డబ్బు కార్మిక శాఖలో కమిషనర్ దగ్గర జమ చేయాలని అందులో ఉండేది. యజమాని నేరుగా చేతికిచ్చేది, మూడు నెలల జీతానికి మించని అడ్వాన్సు తప్ప, నష్టపరిహారం కింద లెక్కకు రాదు. హక్కు వదులుకుంటున్నామని రాయించుకున్న కాగితం చెల్లదు. కాంట్రాక్టరు తప్పించుకుంటే, పని ఎవరి కోసం జరిగిందో ఆ అసలు సంస్థ నుంచి అడగవచ్చు. గ్లౌజులు వేసుకోలేదు, తాగి ఉన్నాడు అనే సాకులు ప్రాణం పోయిన కేసులో పనికిరావు. ఈ ఒక్క మాట తెలియక ఎంతమంది తల వంచుకుని ఇంటికి వెళ్లిపోయారో.

లెక్క ఎలా కడతారంటే, నెల జీతంలో సగం తీసుకుని, వయసును బట్టి చట్టంలో ఉన్న అంకెతో గుణిస్తారు. అప్పట్లో జీతం ఎంత ఉన్నా 15,000 వరకే లెక్కలోకి తీసుకునేవారు. చెల్లెలి పెనిమిటి జీతం 12,000. సగం 6,000. వయసు 30కి అంకె 207.98. గుణిస్తే 12,47,880 రూపాయలు. ఎక్కడ యాభై వేలు, ఎక్కడ పన్నెండున్నర లక్షలు! ఆ చట్టం కింద నెలలోపు కట్టకపోతే ఏడాదికి 12 శాతం వడ్డీ కూడా పడేది. చెయ్యో కాలో పోయినవాళ్లకు కూడా ఆ చట్టంలో పరిహారం ఉండేది. దరఖాస్తు రెండేళ్లలోపు పెట్టుకోవాల్సి ఉండేది.

"మా మనిషి కాదు" అన్నమాటను ఎలా కాదనిపించామో చెప్తాం. ఆయన ఫోన్‌లో రోజూ పొద్దున్న సూపర్‌వైజరు పెట్టే వాట్సాప్ మెసేజీలు ఉన్నాయి. ఏ ఊళ్లో ఏ స్తంభమో, పని అయ్యాక తీసి పంపిన ఫోటోలు ఉన్నాయి. బ్యాంకు పాసుపుస్తకంలో నెలనెలా పడిన డబ్బు ఉంది. ఇద్దరు తోటి పనివాళ్లు వచ్చి చెప్పారు. పోలీసు ఎఫ్.ఐ.ఆర్., పోస్టుమార్టం రిపోర్టు ఉన్నాయి. కరెంటు ప్రమాదం జరిగితే ఎలక్ట్రికల్ ఇన్‌స్పెక్టరుకు తెలియజేయాలని 2003 విద్యుత్ చట్టం చెప్తుంది, ఆ విచారణ కాగితం కూడా అడిగి తెచ్చుకున్నాం. పద్నాలుగు నెలలు తిరిగాం. ఒక్కోసారి ఇద్దరం, ఒక్కోసారి ఐదుగురం. బస్సు చార్జీలు సంఘమే పెట్టుకుంది. చివరికి డబ్బు జమ అయింది. పిల్లల వాటా వాళ్ల పేరున బ్యాంకులో వేశారు. ఆ రోజు ఆఫీసు మెట్ల మీద చెల్లెలు ఏడ్చింది. "ఇంత చేశారు, మనిషిని తేలేరు కదక్కా" అంది. అందుకే ఈ ప్రసంగానికి పరిహారం పేరు పెట్టలేదు. మనిషి ఇంటికి రావడమే ముఖ్యం.

కాబట్టి లైను పనికి వెళ్లే మగవాళ్లున్న ఇళ్లలో ఆడవాళ్లు పొద్దున్న క్యారేజీ చేతికిచ్చేటప్పుడు మూడు మాటలు అడగండి. "ఈ రోజు ఎల్.సి. ఎవరు తీసుకుంటున్నారు? టెస్టరు, ఎర్త్ రాడ్లు నీ బండి మీదే ఉన్నాయా? కింద తోడు ఎవరు?" మొదట్లో విసుక్కుంటారు. "నీకెందుకే ఇవన్నీ" అంటారు. మా ఊళ్లోనూ అన్నారు. ఇప్పుడు మా ఎనర్జీ అసిస్టెంటు తమ్ముడు మనం అడగకముందే చెప్పి వెళ్తున్నాడు. "ఇంట్లో అడుగుతారు సార్, రాడ్లు లేకుండా ఎక్కను" అని పైవాళ్లకు చెప్పడానికి అతనికీ ఒక ఆసరా దొరికింది. రేపు మన ఆడపిల్లలే స్తంభం ఎక్కవచ్చు. తెలంగాణలో 2021లో ఆడపిల్లలు స్తంభం ఎక్కే పరీక్ష నెగ్గి జూనియర్ లైన్‌ఉమెన్‌గా చేరారు. వాళ్లకూ ఇవే మూడు మాటలు.

మా గ్రామ సంఘం చేసిన తీర్మానాలు ఇవి. సమాఖ్య మొత్తం చేయాలని కోరుతున్నాం.

1. కరెంటు పోతే ఊరి తరఫున ఒక్కరే ఫోన్ చేయాలి. "జాగ్రత్తగా చేయండి, మేము ఆగుతాం" అని చెప్పాలి.

2. జనరేటర్ తెచ్చే ఇల్లు ఛేంజ్ ఓవర్ స్విచ్ ఉందో లేదో ముందే చూపించాలి. ఏ.బి. స్విచ్ జోలికి మన ఇంటి మగవాళ్లు వెళ్లకుండా చూసుకోవాలి.

3. లైను పనికి వెళ్లేవాళ్లున్న సభ్యుల ఇళ్లను ప్రతి గ్రామ సంఘం పుస్తకంలో రాసుకోవాలి. కాంట్రాక్టరు పేరు, జీతం ఎలా ఇస్తున్నారు, పి.ఎఫ్., ఇ.ఎస్.ఐ. ఉన్నాయా అన్నవి అందులో ఉండాలి. పి.ఎఫ్. ఉంటే దానితో పాటు 7 లక్షల వరకు బీమా, భార్యకు పింఛను ఉంటాయి. ఇ.ఎస్.ఐ. ఉంటే పరిహారం బదులు కుటుంబానికి నెలనెలా డబ్బు వస్తుంది. జీతం చేతికి కాకుండా బ్యాంకులోనే వేయమని అడగాలి.

4. ఆ ఇళ్లన్నిటికీ బ్యాంకులో ప్రధానమంత్రి సురక్షా బీమా కట్టించాలి. ఏడాదికి 20 రూపాయలు. ప్రమాదంలో పోతే 2 లక్షలు.

5. మన మండలంలో పనిచేసేవాళ్లకు టెస్టర్లు, ఎర్త్ రాడ్లు, రబ్బరు తొడుగులు ఎన్ని ఉన్నాయో గ్రామ సభలో చూపించమని సెక్షన్ ఆఫీసుకు సమాఖ్య లెటర్‌హెడ్ మీద ఉత్తరం ఇవ్వాలి.

అప్పుకు పూచీ పడటం మనకు అలవాటే. పది మందిమి ఒకరికొకరు హామీ ఉండి లక్షలు తెచ్చి తీర్చాం. ఒక మనిషి స్తంభం మీద నుంచి క్షేమంగా దిగడానికి కూడా అలాగే పూచీ పడదాం. మనం చేయవలసింది కాసేపు చీకట్లో ఓపికగా కూర్చోవడం, పొద్దున్నే మూడు మాటలు అడగడం.

ఈ వానాకాలంలో మళ్లీ గాలివానలు వస్తాయి, మళ్లీ కరెంటు పోతుంది. అప్పుడు ఫోన్ చేతిలోకి తీసుకున్నప్పుడు మా చెల్లెలిని ఒక్కసారి తలుచుకోండి.